తమ్ముడు ఇంట్లో లేడన్నాను

నా చిన్నప్పుడు మా ఊళ్లో పుట్టువెంట్రుకలు తీయని బిడ్డ ఒంటికి ఇనుము తగలనిచ్చేవారు కారు. గోళ్లు పెరిగితే తల్లే పంటితో మెల్లగా కొరికి తీసేది. పోచమ్మ గుడి ముందు బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి; ఆయన చేతి మీదుగా తొలి కత్తెర పడాలి; ఆ తరువాతనే మంగలి కత్తి ఆ తలను తాకాలి. అంతదాకా సూదిమొన గుచ్చుకున్నా దోషమేనని నమ్మకం. ఈ ఆచారాన్ని మా ఊళ్లో ఎవరు పెట్టారో నాకు తెలియదు. దానికి కావలి మాత్రం మా నాయనమ్మ.

మాది బోథ్ దాపున ఒక నల్లరేగడి పల్లె. పత్తీ జొన్నా తప్ప మరో పంట ఎరుగం. ఊళ్లో పెద్ద కమతం మాదే కావడం వల్ల నాయనమ్మ మాట మా ఇంటి గడప దగ్గర ఆగేది కాదు. ఎవరి ఇంట పురుడు వచ్చినా, ఏ పసివాడికి జ్వరం తగిలినా ముందు ఆమెకే కబురు వచ్చేది. ఆమె కఠినురాలు కాదు. ఇద్దరు బిడ్డలను పాలు మరవకముందే మట్టిలో పెట్టిన తల్లి. మిగిలిన ఒక్క కొడుకు, మా బాపు, మొక్కు తప్పకుండా పుట్టువెంట్రుకలు ఇప్పించినందువల్లనే బతికి బట్టకట్టాడని ఆమె విశ్వాసం. పోగొట్టుకున్నవారి విశ్వాసాన్ని కదిలించడం ఎంత కష్టమో నాకు చాలా ఏళ్ల తరువాత గాని తెలియలేదు.

అప్పుడు నాకు తొమ్మిదో ఏడు. తమ్ముడికి మూడో ఏడు నడుస్తున్నది. వాడి జుట్టు భుజాలు దాటింది. అవ్వ, అంటే మా అమ్మ, రోజూ నూనె రాసి జడ వేసేది. అంగట్లో ఎవరైనా ఆడపిల్లా అని అడిగితే, వాడు లేని మీసం మెలివేసి చూపి అందరినీ నవ్వించేవాడు. మా మేనమామ మంచిర్యాల అవతల బొగ్గుగనిలో పనిచేసేవాడు. రెండుసార్లు ముహూర్తం పెట్టుకున్నాం; రెండుసార్లూ సెలవు దొరకలేదని కార్డు వచ్చింది. సొంత మేనమామ ఉండగా మరొకరి చేత కత్తెర వేయించడం అరిష్టమని నాయనమ్మ ఆగింది. అలా ఆగుతూ ఉండగానే ఆ కబురు వచ్చింది.

ఇచ్చోడ వైపు ఒక ఊళ్లో తల్లి పోసిందన్నారు. మశూచి అని ఎవరూ పైకి అనేవారు కారు. పేరెత్తితే పిలిచినట్టవుతుందని భయం. మరి రెండు రోజులకు మా ఊళ్లో డప్పు చాటింపు వేశారు. టీకాలవాళ్లు వస్తున్నారు, పిల్లలను దాచినవారికి జుర్మానా పడుతుంది, అడ్డం వచ్చినవారిని పోలీసు పట్టుకుపోతాడు. చాటింపు ఇంతే. ఆ టీకా ఎందుకో, వేసినచోట ఎందుకు పొక్కుతుందో, జ్వరం వస్తే ఎన్నాళ్లలో దిగుతుందో ఒక్క ముక్క అందులో లేదు. ఆ ఖాళీలన్నింటినీ ఊరు తన భయాలతో పూరించుకున్నది. టీకా వేసిన చెయ్యి ఎండిపోతుందని ఒకరు, మగపిల్లలకు వేస్తే వంశం నిలవదని మరొకరు అన్నారు. పుట్టువెంట్రుకలు తీయని బిడ్డలకు టీకా సూది తగిలితే మాత్రం పోచమ్మ అసలే క్షమించదని నాయనమ్మ అన్నది. మిగిలిన మాటలన్నీ గాలికి పోయినా, ఈ మాట నిలిచింది.

మా అవ్వ మాత్రం మరోలా తలచింది. ఆమె అన్నకు గనిలో చేరిన నాడే టీకా వేశారు. అతడి చెయ్యి ఎండిపోలేదు, బొగ్గు తవ్వుతూనే ఉన్నది. బడిలో టీకా పడిన నా చెయ్యీ బాగానే ఉన్నది. కాని అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు గాని, తల్లికి ఎదురు చెప్పే అలవాటు మా బాపుకు గాని లేవు. టీకాలవాళ్లు వచ్చే రోజు పొద్దున్నే పత్తి ఏరేవాళ్ల వెంట చేనికి పోతూ, అవ్వ నన్ను దొడ్లోకి పిలిచింది. నా చెవి దగ్గర వంగి చెప్పింది.

"టీకాల సారు వస్తే తమ్మున్ని చూపియ్యి బిడ్డా. నాయినమ్మ ఏమన్నంటే నేను పడుత."

నేను తల ఊపాను. ఆమె చేనికి పోయింది. బాపు బండి కట్టుకొని బోథ్ పోయాడు. నాయనమ్మ ఇంటింటికీ తిరిగి, పుట్టువెంట్రుకలు తీయని పిల్లలను ఎక్కడెక్కడ దాచాలో కోడళ్లకు చెప్పడానికి బయలుదేరింది. పోతూ పోతూ వాకిట్లో నా గడ్డం పట్టుకొని, తమ్ముడి బతుకు నా చేతిలో పెడుతున్నానన్నది. ఇద్దరూ ఒకే బిడ్డను నా చేతిలో పెట్టారు. ఒకరు చూపించమని, ఒకరు దాచమని.

పొద్దు బారెడెక్కేసరికి టీకాల సారు మా వాకిట్లోకి వచ్చాడు. సన్నని మనిషి, నడివయస్సు దాటినవాడు, భుజానికి సంచి. ఆయన ఒక్కడే వచ్చి ఉంటే నేను తమ్ముణ్ణి పిలిచేదాన్నేమో. ఆయన వెనుక లాఠీతో పోలీసు ఉన్నాడు. ఆ లాఠీని చూడగానే నా మనస్సులో అవ్వ మాట మాయమై, నాయనమ్మ మాటే మిగిలింది. ఎవరి మాట వినాలో తేల్చుకోలేక, అప్పటికే తమ్ముణ్ణి పత్తి అర్రలో తోసి, పత్తి కప్పి, దాగుడుమూతలని చెప్పి వచ్చాను.

ఆయన దండెం మీద ఆరుతున్న చిన్న చొక్కా వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. "మీ తమ్ముడేడి బిడ్డా?" అని మెల్లగానే అడిగాడు.

"ఇంట్ల లేడు. మామోళ్లింటికి పోయిండు."

"ఏ ఊరు మీ మామది?"

"మంచిర్యాల."

"గంత దూరం చొక్కా లేకుంట పోయిండా?"

అంతలో అర్రలోంచి పత్తి నుసికి కాబోలు, చిన్న తుమ్ము వినిపించింది. వెంటనే ఆపుకోలేని కిలకిల నవ్వు. పోలీసు నవ్వి, ఈ పోరి మనల్నే ఆడిస్తున్నది, లోపలికి పోయి తెస్తానన్నాడు. టీకాల సారు ఆయనకు చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దవాళ్లు లేని ఇంట్లో చొరబడితే ఈ ఊళ్లో మరే తలుపూ తెరుచుకోదన్నాడు. నా వైపు వంగి, "మల్ల వస్త బిడ్డా. మీ అవ్వ ఉన్నప్పుడు వస్త" అన్నాడు. చావడి దగ్గర నుంచి వాళ్ల పై అధికారి కేకలు వేస్తుంటే, గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం అవ్వ చేని నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, టీకాల సారు వచ్చాడా అని అడిగింది. చూపించలేదంటే ఆమె బాధపడుతుంది. చూపించబోయానంటే నాయనమ్మ వింటుంది. రాలేదన్నాను. ఒక అబద్ధాన్ని మోయలేక దాని మీద మరొకటి ఎత్తుకున్నాను.

ఆయన కూడా మళ్లీ రాలేదు. ఆ రాత్రికే వాళ్లను అడవి అవతలి ఊళ్లకు పంపించారని తరువాత తెలిసింది.

పదిరోజులైనా గడిచాయో లేదో, తమ్ముడికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మూడో నాటికి ముఖం మీద, అరచేతుల మీద తల్లి కనిపించింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు మానేశారు. నన్ను పక్క కొట్టంలో పడుకోబెట్టారు. అంతకు రెండేళ్ల ముందే బడిలో నాకు టీకా పడింది గనుక నాకేమీ కాదని అవ్వ అంటున్నా, నాయనమ్మ వినలేదు. నేను కిటికీ చువ్వల సందునుంచి చూసేదాన్ని. అవ్వ వేపరెమ్మతో వాడి ఒళ్లు నిమురుతూ, వాడు దాహమంటే తడిగుడ్డతో పెదవులు అద్దుతూ ఉండేది. జడ విప్పేశారు, ఆ జుట్టు దిండు మీద పరచుకొని ఉండేది. వాడు ఒకసారి నన్ను చూసి, అక్కా, ఇంకా దాగాలా అని అడిగాడు. జ్వరంలో ఏ రోజు ఏదో వాడికి తెలియడం లేదు. వద్దురా, ఆట అయిపోయిందన్నాను.

తొమ్మిదోనాడు పొద్దున వాడు పోయాడు.

మా వైపు తల్లి తీసుకుపోయిన బిడ్డకు పైకి ఏడవకూడదు. ఏడిస్తే ఆమెను నిందించినట్టు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని గోడ వైపు తిరిగి కూర్చున్నది. ఆమె వీపు మాత్రమే కదిలేది. పుట్టువెంట్రుకలు తీయని బిడ్డకు మైల ఒక్క రాత్రేనని పురోహితుడు చెప్పి పోయాడు. నేను పెద్దదాన్నై ధర్మశాస్త్రం చదువుకున్నప్పుడు ఆ విధి నిజమేనని చూశాను. చూసిన నాడు గ్రంథం మూసి పక్కన పెట్టేశాను.

మూడోనాడు టీకాల సారు వచ్చాడు. ఈసారి ఒక్కడే. పోలీసు లేడు, పై అధికారి లేడు. మా ఊళ్లో బిడ్డ పోయిందని విని, అడవి అవతల నుంచి సైకిలు తోసుకుంటూ వచ్చాడట. సైకిలు బయటనే వదిలి, చెప్పులు విప్పి, అరుగు మీద కాక దాని కింద నేల మీద కూర్చున్నాడు. నేను చెప్పలేదా అనే మాట ఆయన నోట వస్తుందని ఇంట్లో అందరం ఎదురుచూశాం. ఆ మాట రాలేదు.

మాట్లాడింది అవ్వ. మగవారి ఎదుట పెదవి విప్పని మనిషి గుమ్మం దాటి వచ్చి, ఆయన ముందు నిలబడింది.

"మా ఇంటికెందుకు రాలే సారూ? ఊరంత తిరిగినవు. నా బిడ్డకు చెప్పి పోయిన, తమ్మున్ని చూపియ్యిమని. నువ్వు రానే రాలేదన్నది. మా వాకిలి కనవడలేదా నీకు?"

నేను స్తంభం వెనుక ఉన్నాను. ఆయన తలెత్తి అవ్వను చూశాడు, తరువాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడు తలచుకుంటే, ఆ క్షణంలో ఆయన నా తొమ్మిదేళ్లనూ, నా ముందున్న బతుకంతటినీ లెక్క చూసుకున్నాడనిపిస్తుంది. తరువాత నేల వైపు చూస్తూ అన్నాడు.

"రాలే తల్లీ. పొద్దు పోతుందని మీ వాకిలి దాటి పోయిన. తప్పు నాది."

అవ్వ ఆయనను తిట్టింది. నీ చేతులు పడిపోను అన్నది, నీ కడుపున పుట్టినవాళ్లకు ఈ గతి పట్టనీ అన్నది. ఆపింది నాయనమ్మ.

"ఆయన్నెందుకంటవు? వచ్చినా నేను ఇయ్యనిత్తునా? వాకిట్ల అడ్డం పండుకుందును. నా మనుమన్ని నేనే తిన్న."

అంతటి మనిషి కోడలి ఎదుట అలా అనడం మేము ఎన్నడూ విని ఉండలేదు. అక్కడ ఇద్దరు పెద్దవాళ్లు తప్పు నాదంటే నాదని ముందుకు వచ్చారు. తప్పు చేసిన నేను స్తంభాన్ని గట్టిగా పట్టుకొని నిలబడ్డాను.

ఆయన లేచి వెళ్తున్నప్పుడు నేను సైకిలు దాకా పరుగెత్తాను. ఏం అడగాలని పరుగెత్తానో నాకే తెలియదు. ఎందుకు అలా చెప్పారని అడిగి ఉంటాను. ఆయన సంచి సర్దుకుంటూ అన్నాడు.

"పోలీసును ఎంటబెట్టుకొని అడిగితె పెద్దోళ్లే నిజం చెప్పరు బిడ్డా. నువ్వెంత? భయపెట్టింది మేము. మల్ల వస్తనని రానిది నేను. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉండెనో.

ఆ సాయంత్రమే మేనమామ వచ్చాడు. ఎట్టకేలకు సెలవు దొరికిందని, మేనల్లుడికి కొత్తబట్టలు కొనుక్కొని, నవ్వుతూ వచ్చాడు. గుమ్మానికి వేపమండలు చూసి, చేతిలోని మూట జారవిడిచాడు. మరునాడు పొద్దున నాయనమ్మ స్నానం చేసి, ఆయన చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తెచ్చింది. ఊళ్లో పుట్టువెంట్రుకలు తీయని పిల్లలందరికీ నువ్వే మేనమామవన్నది. ఇనుము తగలరాదని ఊరికి చెప్పిన నోటితోనే ఆ ముడి విప్పాలని ఆమె తలచినట్టుంది. టీకాల సారు ఆ రాత్రి చావడిలోనే ఉండిపోయాడు. నాయనమ్మ ఆయనకు కబురు పెట్టి పిలిపించింది. ఒకచేత కత్తెర ఉన్న మేనమామ, ఒకచేత సంచి ఉన్న ఆయన, నడుమ మా నాయనమ్మ, వెనుక మంగలి. నేను వాళ్ల వెంట నడిచాను.

ముందుగా ఏ పెద్దింటికో పోతుందనుకున్నాను. ఆమె జన్మలో అడుగుపెట్టని కూలివాడకు పోయి, మా చేనిలో పత్తి ఏరే ఆమె గుడిసె ముందు నిలబడింది. ఆ తల్లి కొడుకును చంకన ఎత్తుకొని తలుపుకు అడ్డంగా నిలుచున్నది. ఆమె మాటలో భయమెంతో ఎగతాళీ అంతే ఉన్నది.

"మొన్న దాయిమన్నది నువ్వే దొరసానీ. గిప్పుడు చూపియ్యిమంటున్నవు. ఏ మాట పట్టుకోవాలె మేము?"

"మొన్నటి మాట నా ఇంట్లనే మనిషిని తిన్నది. గీ మాట పట్టుకో."

ఆ తల్లి నాయనమ్మ ముఖంలోకి చూసింది. తరువాత ఆమె అడిగినవన్నీ టీకాల సారునే అడిగింది: చెయ్యి పొక్కితే ఏం పెట్టాలి, జ్వరం వస్తే పాలివ్వవచ్చునా, తాను పనికి పోవచ్చునా. ఆయన గుడిసె ముందు గొంతుకూర్చొని, ఒక్కొక్కదానికీ తొందర లేకుండా జవాబు చెప్పాడు. జ్వరం వస్తుందని దాచలేదు. తన చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మచ్చ చూపాడు. మేనమామ ఆ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని తొలి కత్తెర వేశాడు. అంతకు ముందు రెండుసార్లు ఆ కత్తెర గాలినే కత్తిరించింది. తమ్ముడి కోసం తెచ్చిన బట్టలను నాయనమ్మ ఆ బిడ్డకు తొడిగించింది. అవి వాడికి కొంచెం పెద్దవయ్యాయి.

ఆ రోజు ఇల్లిల్లూ అలాగే గడిచింది. వద్దన్న ఇంటి ముందు వాదించలేదు. పక్క ఇంటికి పోయి, మళ్లీ వెనక్కు వచ్చారు. రెండోసారికీ వద్దన్నవాళ్ల దగ్గరకు మరునాడు పోయారు. ఆ ఏడు మా ఊళ్లో తల్లి తీసుకుపోయింది నా తమ్ముణ్ణి ఒక్కణ్ణే. ఆ మాట చెప్పి నన్ను ఓదార్చాలని చూసినవారున్నారు. ఒక్కణ్ణే అన్నమాట ఓదార్పు ఎలా అవుతుందో నాకు ఈనాటికీ తెలియదు.

తరువాత నేను చదువుకున్నాను, కరీంనగర్‌లో తెలుగు పండితురాలినై ఎందరో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు మంచిర్యాలలో ఉంటున్నాను. మొన్నటి మహమ్మారి రోజుల్లో మా వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త, నా మనుమరాలి ఈడు పిల్ల, ఒక రోజు మా అరుగు మీద కూర్చొని కళ్లు తుడుచుకున్నది. టీకా వేయడానికి పోతే, ముసలివాళ్లు ఇంట్లోనే ఉండి లేరని చెప్పిస్తున్నారట. పైనుంచేమో పేర్లన్నీ నింపమంటున్నారట. వద్దన్నారని రాసి మూసేయనా అమ్మమ్మా అని అడిగింది. రాయవద్దన్నాను. రేపు మళ్లీ పొమ్మన్నాను, ఒంటరిగా పొమ్మన్నాను, ఎందుకు వేసుకోరని కాక, దేనికి భయమని అడగమన్నాను. కొన్ని ఇళ్లకు ఆమె వెంట నేనూ నడిచాను. ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల తలుపు సందునుంచి, మా తాత ఊరికి పోయిండన్నది. లోపల దగ్గు వినిపిస్తున్నది. మేము వచ్చి పోయామని, ఎల్లుండి మళ్లీ వస్తామని ఇంట్లో చెప్పమని ఆ పిల్లతో అన్నాను. తాత లేడన్న మాటను నమ్మినట్టే తిరిగి వచ్చాము. చెప్పిన రోజున మళ్లీ వెళ్లాము.

అవ్వ నిండు వయస్సు బతికింది. ఆ టీకాల సారును మాత్రం జన్మంతా క్షమించలేదు. ఇంట్లో ఏ పిల్లకు ఏ టీకా వేయించినా, మాకు మాత్రం ఆనాడు ఆయన రాలేదనేది. చెప్పాలని నేను ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఆమెకు కొడుకు పోయాడు. కూతురి మీద ఉన్న నమ్మకం కూడా పోతే ఏం మిగులుతుందని ఒక వంక. నా పిరికితనం నిజమైన వంక. చివరి రోజుల్లో ఆసుపత్రిలో, సమయానికి వచ్చి సూది వేసిపోయే నర్సమ్మను చూసి, అవ్వ నా చెయ్యి పట్టుకొన్నది.

"గీ పిల్ల నయం బిడ్డా. వస్తనంటె వస్తది. ఆ టీకాలాయనోలె దాటిపోదు."

ఆ చెయ్యి నా చేతిలో ఉన్నప్పుడు కూడా నేను చెప్పలేదు. రెండోనాడు ఆమె పోయింది.

నేను చేసిన తప్పును మోసినవాడు ఏ ఊరివాడో, ఏమయ్యాడో నాకు తెలియదు. ఆయన పేరు కూడా అడగలేదు. మా ఇంట యాభై ఏళ్లు దోషిగా బతికాడు. ఎవరి మీదనైనా, ఆయన రాలేదు, ఆమె పట్టించుకోలేదు అని నలుగురూ తేలికగా అనేస్తుంటే నేను ఆ మాటలో గొంతు కలపలేను. ఆ రోజు నుంచి నాకు మిగిలిన గుణం అదొక్కటే. ఈ నాలుగు పేజీలు ఆయన బిడ్డలో మనుమలో చదవడం జరిగితే, వారికి నేను చెప్పవలసినది ఉన్నది. మీ పెద్దాయన మా వాకిలి దాటిపోలేదు. వచ్చాడు. ఎండలో నిలబడి, నా తమ్ముడి గురించి మెల్లగా అడిగాడు. లేడని చెప్పింది నేను.